చెరిగిపోయిన చిట్టా

సావనీరుకు ఏదైనా రాసిమ్మని మన యూనియను సాహిత్య కార్యదర్శి అడిగినప్పుడు, నిజం చెప్పొద్దూ, నాకు నవ్వొచ్చింది. ఇంతవరకు నేను రాసినవి రెండే రకాలు. ఒకటి ప్రాక్టికల్ రికార్డులు, రెండోది డబ్బు పంపమని ఇంటికి పెట్టిన మెసేజీలు. "కవిత్వం రాదు, కథ రాదు, విహారయాత్రకు డబ్బు కట్టలేదు గనక యాత్రానుభవాలూ లేవు. ఏం రాయమంటావు?" అన్నాను. "నీ కంప్యూటరు గొడవ రాయి. హాస్టలంతా నెల్లాళ్ళు అదే చెప్పుకుని నవ్వారుగా" అన్నాడతను.

హాస్టల్లో చెప్పుకున్నది సగం కథే. మిగతా సగం మా ఊళ్ళో జరిగింది, దాన్ని నేనెవరికీ చెప్పలేదు. చెప్పుకోదగ్గ ఘనకార్యమేమీ కాదు మరి. పాఠకులు ఓపిక చేసుకుని చదివితే, కనీసం ఒకరిద్దరు జూనియర్లయినా నేను పడ్డ గోతిలో పడకుండా ఉంటారన్న ఆశతో ఇప్పుడు మొత్తం రాస్తున్నాను.

మాది పల్నాడులో నాగార్జునసాగర్ కుడికాలువ కింద ఒక పల్లెటూరు. కాలువ కింద అన్నానని కళకళలాడే ఊరనుకోకండి. కాలువ చివర అని అర్థం చేసుకోవాలి. పైవాళ్ళ తడులు అయితేగాని మా తూముకు నీళ్ళు రావు. మాకున్నది మూడున్నర ఎకరాలు. రెండెకరాల్లో మిర్చి, ఎకరంన్నరలో పత్తి వేస్తాం.

మిర్చి సంగతి తెలియని పట్నం మిత్రుల కోసం ఒక్క మాట చెప్పాలి. ఈ పంటకు ఖర్చంతా ముందు, రాబడంతా వెనక. విత్తనం, నారు, ఎరువులు, పురుగుమందులు, కోత కూళ్ళు, అన్నిటికీ ముందే డబ్బు పోయాలి. కాయ కోసి, కళ్ళంలో ఎండబెట్టి, టిక్కీలకు తొక్కి గుంటూరు యార్డుకు తోలేది జనవరి నుంచి ఏప్రిల్ మధ్యన. అందుచేత మాలాంటి రైతు ఒక కమీషను వ్యాపారి దగ్గర వడ్డీకి పెట్టుబడి తెచ్చుకుంటాడు. పంటను ఆయన కొట్టుకే తోలుతాడు. ఆయన అమ్మిపెట్టి, కమీషను, హమాలీ ఖర్చులు, తరుగు, వడ్డీ పట్టుకుని మిగిలింది మన ఖాతాలో జమ వేస్తాడు. ఇందులో మోసమేమీ లేదు, తరాలుగా నడుస్తున్న పద్ధతే. కాని లెక్క రాసుకోని రైతుకు మాత్రం ఈ వ్యవహారంలో తల ఎక్కడో తోక ఎక్కడో అంతు చిక్కదు.

పైగా మిర్చి ఒక ఏడు సింహాసనం ఎక్కిస్తుంది, ఇంకో ఏడు గోచీ పెట్టిస్తుంది. 2021-22లో నల్లతామర పురుగు వచ్చి పూత పూతగానే రాలిపోయింది. మా బాకీ ఆ ఏడే కొండెక్కింది. తర్వాత కొంత తేరుకున్నాం అనుకునేలోగా 2025లో ధర పడిపోయింది. ఆ ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం జోక్యం చేసుకుని క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించవలసి వచ్చిందంటే యార్డులో పరిస్థితి ఎట్లా ఉందో ఊహించుకోవచ్చు.

మా నాన్న ఎనిమిదో తరగతితో చదువు మానేసినవాడు. అయినా లెక్క రాయడంలో ఏ గుమాస్తాకూ తీసిపోడు. పొడుగాటి ఎర్ర అట్ట పుస్తకంలో తేదీ, టిక్కీలు, కాటా బరువు, ధర, తరుగు, తెచ్చిన అప్పు, కట్టిన జమ అన్నీ కోడిగుడ్డంత అక్షరాలతో రాసుకునేవాడు. కొన్ని పేజీల్లో కారం మరక, కొన్నిట్లో మందు వాసన. అలాంటి పుస్తకాలు మా ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున తొమ్మిది ఉన్నాయి.

2023లో నేనిక్కడ డిగ్రీలో చేరినప్పుడు, అందరు పిల్లలకీ ఉందట గదా అని, నాన్న పద్దెనిమిది వేలు పెట్టి నాకొక సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనిచ్చాడు. ఆ పద్దెనిమిది వేలు దండగ కాలేదని రుజువు చేయాలన్న తాపత్రయం నాకు పట్టుకుంది. దసరా సెలవుల్లో కూర్చుని, మా మిర్చి లెక్కను గళ్ళు గళ్ళుగా కంప్యూటర్లోకి ఎక్కించాను. ఒక గడిలో టిక్కీలు కొడితే ఇంకో గడిలో డబ్బు దానంతటదే వచ్చేది. నెల మారితే వడ్డీ దానంతటదే పెరిగేది. నాన్న వెనకాల నిలబడి చాలాసేపు చూశాడు.

"ఇంక ఆ ఎర్ర పుస్తకం దేనికి నాన్నా? ఏమన్నా ఉంటే నాకు ఫోనులో చెప్పు, నేనిక్కడ ఎక్కిస్తా. కూడికలు, తీసివేతలు అదే చేసుకుంటది" అన్నాను.

"పోదు గదరా ఎక్కడికీ?" అన్నాడాయన.

"ఎక్కడికి పోద్ది నాన్నా?" అని నవ్వాను.

ఆనాటినుంచి నాన్న పుస్తకం రాయడం మానేశాడు. నెలకు రెండు మూడుసార్లు రాత్రిపూట ఫోను చేసి, "రాసుకో నాయనా" అని చెప్పేవాడు. మెస్సులో తింటూ ఉన్నా సరే, గదికి పరుగెత్తి రాసుకునేవాణ్ణి. అంతవరకూ నేను మంచి కొడుకునే.

ఇక గొడవలోకి వస్తాను.

మా కంప్యూటరు వయసులో నాకంటే చిన్నదేగాని, కంప్యూటర్ల లెక్కన ముసలిది. మీట నొక్కి, వెళ్ళి స్నానం చేసి, తల తుడుచుకుంటూ వస్తే అప్పటికి తెర మీద బొమ్మ వచ్చేది. దాంట్లో ఉన్నది విండోస్ 10. దానికిచ్చే మామూలు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు పోదామంటే దానికి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, కొత్త తరం ప్రాసెసరు కావాలి. నా కంప్యూటరుకు ఆ అర్హత లేదు. ముసలి ఎద్దుకు కొత్త కాడి పట్టదన్నమాట.

అప్పుడు పక్క గది మిత్రుడు లినక్సు గురించి చెప్పాడు. 1991లో ఫిన్లాండు దేశంలో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తన ఇరవై ఒకటో ఏట మొదలుపెట్టిన పని అది. ఈనాడు ప్రపంచంలో పెద్ద పెద్ద సర్వర్లన్నీ చాలామటుకు దాని మీదే నడుస్తున్నాయి. మన చేతుల్లోని ఆండ్రాయిడ్ ఫోనుకూ మూలం అదే. డబ్బు అక్కర్లేదు, పాత యంత్రం మీద కూడా చలాకీగా నడుస్తుంది. మన వయసు కుర్రవాడు మొదలుపెట్టిన పని గదా అని నాకు మరీ ఉత్సాహం పుట్టింది. ఉబుంటు అనే లినక్సును పెన్‌డ్రైవులోకి ఎక్కించుకుని, నవంబరు మొదటి శనివారం రాత్రి ముహూర్తం పెట్టాను.

ఇక్కడ హాస్టలు వేదాంతం ఒకటి చెప్పాలి. మన హాస్టల్లో తరతరాలుగా సీనియర్లు జూనియర్లకు చెప్పే మాట ఏమంటే, "ముఖ్యమైనవి డి-డ్రైవులో పెట్టుకో, ఎన్నిసార్లు ఫార్మాటు కొట్టినా డి పోదు" అని. నేనూ మా లెక్కను డి-డ్రైవులోనే పెట్టాను. ఆ మాట అబద్ధం కాదు. పాత విండోసు ఉన్న సి-డ్రైవును మాత్రమే చెరిపి మళ్ళీ విండోసే వేసుకున్నంతకాలం నిజమే. కాని సి, డి అనేవి రెండు పెట్టెలు కావు. ఒకే డిస్కు మధ్యన గీసిన గట్టు అటొకటి, ఇటొకటి.

ఉబుంటు నన్ను అడిగిన ప్రశ్న సూటిగానే ఉంది: పాతదాని పక్కన చోటిమ్మంటావా, డిస్కు చెరిపేసి ఎక్కించమంటావా? డిస్కు చెరిపితే అందులోని పత్రాలు, ఫొటోలు, సమస్తం పోతాయని కింద చిన్న అక్షరాలతో హెచ్చరిక కూడా ఉంది. నేను చదవలేదు. చదవలేదంటే కళ్ళు చూశాయి, బుర్ర చూడలేదు. డిస్కు అంటే సి అనుకున్నాను. "చెరుపు" అన్నాను. అరగంట తిరక్కుండా అయిపోయింది. మీట నొక్కితే నిమిషంలోపు తెర వెలిగింది. గదిలో చప్పట్లు కూడా కొట్టారు.

తర్వాత మొదలయ్యాయి తిప్పలు. వైఫై గుర్తే కనిపించదు. దాని చిప్పుకు ప్రత్యేకమైన డ్రైవరు ఉండాలట. అది ఎక్కడ దొరుకుతుందయ్యా అంటే ఇంటర్నెట్టులో దొరుకుతుందట. బావిలో పడిపోయిన చేదను తియ్యాలంటే ఆ చేదే కావాలన్నట్టుంది వ్యవహారం. మిత్రులు తలో వైద్యం చెప్పారు. ఒకడు ఆపి మళ్ళీ వెయ్యమన్నాడు, ఒకడు బ్యాటరీ పీకమన్నాడు. ఇంకొకడు మరీ ముందుకుపోయి మళ్ళీ మొదట్నుంచి ఎక్కించమన్నాడు. చివరకు తెల్లవారుజామున, ఫోనును చార్జింగు తీగతో కంప్యూటరుకు తగిలించి, యూఎస్‌బీ టెదరింగు పెడితే ఫోనులోని నెట్టు కంప్యూటరుకు వస్తుందని తెలిసింది. అట్లా నెట్టు తెచ్చుకుని, వైఫై డ్రైవరు దింపుకున్నాను. వైఫై వెలిగినప్పుడు కొండ తవ్వి గంగ తెచ్చినంత సంబరపడి, ఆదివారం పొద్దెక్కేదాకా పడుకున్నాను. హాస్టల్లో చెప్పుకుని నవ్వుకున్న సగం ఇక్కడికి అయింది.

సోమవారం రాత్రి నాన్న ఫోను చేశాడు.

"అబ్బాయ్, వచ్చే ఆదివారం గుంటూరు పోతన్నా. కొట్టు ఆయన పాత లెక్క తేల్చుకుంటేగాని మందులకు డబ్బు ఇయ్యనంటన్నాడు. మన లెక్క మొత్తం ఫోటో తీసి ఫోనుకు పెట్టు."

"అట్టాగే నాన్నా, ఇప్పుడే పెడతా" అని ఫోను పెట్టేసి కంప్యూటరు తెరిచాను. డి-డ్రైవు కోసం వెతికాను. సి లేదు, డి లేదు. ఉన్నదంతా ఉబుంటే. రెండేళ్ళ మిర్చి లెక్క, నా ప్రాక్టికల్సు, చెల్లెలి ఓణీల ఫంక్షను ఫొటోలు అన్నీ పోయాయి. నాకు చెమటలు పట్టాయి. మెస్సు గంట కొట్టినా కదల్లేదు.

మళ్ళీ నాన్నే చేశాడు. "ఏమైంది, రాలేదే?" అన్నాడు.

"ఇక్కడ కరెంటు పోయింది నాన్నా. రేపు పెడతా" అన్నాను.

మా నాన్నతో నేనాడిన అబద్ధాలు లేకపోలేదు. సినిమాకు పోయి లైబ్రరీ అన్నవి ఉన్నాయి. అవన్నీ నా సరదా కోసం ఆడినవి. ఇది మాత్రం ఆయన సొమ్ము విషయంలో ఆడింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పొద్దున్నే మా కంప్యూటరు ప్రాక్టికల్సు చూసే మేడం గారి దగ్గరకు పోయాను. ఆవిడ తిట్టలేదు. "మొదట దాన్ని ఆపు. ఇంక దాంట్లో ఏమీ దింపకు, ఏమీ ఎక్కించకు" అన్నారు. తర్వాత నేను రైతుబిడ్డనని తెలిసి కాబోలు, నాకర్థమయ్యే భాషలో చెప్పారు: "డిస్కు చెరపడమంటే పొలాన్ని తగలబెట్టడం కాదయ్యా. అడంగల్లో పేరు కొట్టెయ్యడం. పొలమూ ఉంటుంది, పంటా ఉంటుంది, ఎవరిదో చెప్పే కాగితం ఉండదు. కాని కొత్త ఆసామి వచ్చి దున్ని విత్తనం చల్లాడా, అక్కడ పాత పంట ఇంక దొరకదు. నువ్విప్పటికి ఎంత దున్నావో చూడాలి."

నేను దున్నింది తక్కువేం కాదు. ఉబుంటు తాను కూర్చోవడానికి కొంత దున్నుకుంది. ఆ మీద ఆదివారం సాయంత్రం నేను రెండు సినిమాలు దింపుకున్నాను. ఒక్క అదృష్టమేమంటే నాది పాతకాలపు తిరిగే హార్డుడిస్కు. ఈనాటి ఎస్ఎస్‌డీల్లో అయితే, చెరిపిన చోటును యంత్రమే వెనకనుంచి ఊడ్చి శుభ్రం చేసేసుకుంటుంది. అక్కడ ఇంక వెతుకులాటే ఉండదట.

మేడం గారు తన సొంత ఎక్స్‌టర్నల్ డిస్కు ఇచ్చారు. ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాము గురించి చెప్పారు. పోయిన డిస్కు మీద చెయ్యి పడకుండా, పెన్‌డ్రైవు మీదనుంచే కంప్యూటరును నడిపి, దొరికినవన్నీ వేరే డిస్కులోకి తోడుకోవాలి. ఫొటోరెక్కుకు ఫైళ్ళ పేర్లతో పనిలేదు. డిస్కును మొదట్నుంచి చివరిదాకా ముక్క ముక్కగా తడుముకుంటూ పోతుంది. ప్రతి రకం ఫైలుకూ మొదట్లో ఒక గుర్తు ఉంటుంది. ఆ గుర్తు తగిలినచోట ఫైలు మొదలైందని తోడిపెడుతుంది. కళ్ళంలో రాలిన గింజను చాటతో చెరిగి ఏరుకోవడం లాంటి పని ఇది. ఫైలు ముక్కలు తలోచోటా ఉంటే మాత్రం సగమే చేతికొస్తుంది.

మంగళవారం రాత్రి పదింటికి మొదలుపెడితే తెల్లవారి ఆరున్నరకు అయింది. వేలకొద్దీ ఫైళ్ళు తేలాయి. ఒక్కదానికీ అసలు పేరు లేదు. అన్నీ 'ఎఫ్' అక్షరం, దాని పక్కన బారెడు అంకె. వాటిలో గళ్ళ లెక్కల ఫైళ్ళు రెండు వందల పైచిలుకు. బుధవారం, గురువారం క్లాసులు ఎగ్గొట్టి ఒక్కొక్కటీ తెరిచి చూశాను. చాలావరకు లోలకం ప్రయోగం తాలూకు పట్టికలు. ఒక్కొక్క ప్రాక్టికల్‌ను మనం ఎన్నిసార్లు కాపీ కొట్టామో ఆ రోజు తెలిసింది.

గురువారం సాయంత్రం ఒక ఫైలు తెరిస్తే 'టిక్కీలు, కాటా, తరుగు' అని తెలుగు అక్షరాలు కనబడ్డాయి. ఎగిరి గంతేశాను. 2023-24 లెక్క అది. కాని ఫిబ్రవరితోనే ఆగిపోయింది; ఎప్పుడో దాచిన పాత నకలు. 2024-25 ఫైలు కూడా దొరికిందిగాని తెరుచుకోలేదు. మేడం గారు కూడా కూర్చుని చూశారు. "సగం మీద సినిమా పడిందయ్యా" అన్నారు. శుక్రవారంతో ఆశ వదులుకున్నాను.

ఈలోగా నాన్న రోజూ ఫోను చేస్తున్నాడు. కరెంటు, నెట్టు, పరీక్ష అని రోజుకొక కారణం చెప్పాను. శనివారం మధ్యాహ్నం బస్సెక్కాను.

ఊరు చేరేసరికి చీకటిపడింది. నాన్న అరుగు మీద కూర్చుని పిచికారీ మిషను నాజిలు శుభ్రం చేస్తున్నాడు. సంచి కింద పెట్టకుండానే ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన నాజిలు కడగడం ఆపలేదు.

"కంప్యూటరు చెడిపోయిందా, నువ్వు చెరిపావా?" అన్నాడు.

"నేనే చెరిపాను నాన్నా."

"సోమవారం కరెంటు పోలేదన్నమాట."

"పోలేదు."

ఆయన ఇంకేమీ అనలేదు. నాలుగు కేకలేస్తే బాగుండుననిపించింది. అమ్మ వచ్చి, "ముందు కాళ్ళు కడుక్కోని అన్నం తినండి. రేపు గదా పోయేది" అని, లోపల గోడ మేకుకు వేలాడుతున్న ఇనప తీగను తీసుకొచ్చి మా మధ్యన పెట్టింది. కాటా చీటీలు, మందుల కొట్టు బిల్లులు, లారీ కిరాయి రసీదులు వచ్చినవి వచ్చినట్టు అమ్మ ఆ తీగకు గుచ్చి పెట్టేది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. మా అత్తగారు చేసేది, నేనూ చేస్తున్నా అన్నది.

ఆ రాత్రి ఒంటిగంట దాకా ముగ్గురం కూర్చున్నాం. చీటీలు తేదీలవారీగా పేర్చాం. చీటీ లేనిచోట నాన్న జ్ఞాపకం చేసుకున్నాడు. ఫలానా లోడు తోలినప్పుడు ఎవరి ట్రాక్టరు, ఆ రోజు వాన పడిందా, దారిలో ఎక్కడ టీ తాగారు, వీటిని పట్టుకుని తేదీలు లాగాడు. నాన్న బుర్రలో ఉన్న డిస్కు నా డిస్కు కంటే గట్టిదని ఒప్పుకోక తప్పదు. దాదాపు అంతా తేలింది. ఒక్కటి తప్ప.

2025 మేలో చూడి గేదెను అమ్మిన డబ్బులో పదిహేను వేలు నాన్న గుంటూరు పోయి కొట్టు ఆయన చేతికిచ్చాడు. అప్పుడు గుమాస్తా లేడు, రసీదు రాయలేదు. ఆ రాత్రే నాకు ఫోను చేసి, "పదిహేను వేలు జమ, రాసుకో నాయనా" అన్నాడు. నేను రాసుకున్నాను. ప్రపంచం మొత్తం మీద ఆ జమకు ఉన్న సాక్ష్యం నా కంప్యూటర్లోని ఆ ఒక్క గడే.

ఆదివారం నేనూ నాన్న వెంట వెళ్ళాను. కొట్టు ఆయన మమ్మల్ని మర్యాదగానే కూర్చోబెట్టి టీ తెప్పించాడు. లెక్కలు రెండూ దగ్గర పెట్టుకుని చదువుకుంటూ వచ్చాం. టిక్కీలు కలిశాయి, తరుగులు కలిశాయి. మే నెల దగ్గరకొచ్చేసరికి ఆయన పుస్తకంలో పదిహేను వేల జమ లేదు.

"గుర్తు తెచ్చుకోండి, గేదెను అమ్మి ఇచ్చానే" అన్నాడు నాన్న.

"రోజూ ఎందరో ఇస్తుంటారు, ఎందరో తీసుకుంటుంటారు. నా పుస్తకంలో లేనిది నేనెట్టా వేసేది? మీ పుస్తకంలో ఉంటే చూపించండి, వేసుకుంటాను. ఎప్పుడన్నా కాదన్నానా?" అన్నాడాయన.

ఆ మాట నిజమే. ఎర్ర పుస్తకం ఉన్న రోజుల్లో ఒకటి రెండుసార్లు ఆయన లెక్క తప్పితే, నాన్న పుస్తకం చూసి దిద్దుకున్నాడట. ఆయన మర్చిపోయాడో, మరేదైనానో నాకు తెలియదు, అనుమానించే హక్కు కూడా నాకు లేదు. చూపించడానికి మా దగ్గర ఏమీ లేదన్నది ఒక్కటే నిజం. నాన్న ఒకసారి నా వంక చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఉంటే ఇంత గుర్తుండేది కాదేమో. "సరే, రాసుకోనిది మా తప్పు. మీ లెక్క ప్రకారమే కానివ్వండి" అన్నాడు.

పదిహేను వేలు అసలు. నూటికి నెలకు రెండు రూపాయల చొప్పున ఆరు నెలల వడ్డీ పద్దెనిమిది వందలు. మొత్తం 16,800 రూపాయలు మా బాకీలోనే ఉండిపోయాయి. అంటే నా ల్యాప్‌టాప్ ఖరీదుకు పన్నెండు వందలు తక్కువ.

బస్టాండుకు వస్తూ దారిలో పుస్తకాల కొట్టు దగ్గర నాన్న ఆగాడు. అదే పొడుగు, అదే ఎర్ర అట్ట. కొని చంకలో పెట్టుకున్నాడు. బస్సులో నన్ను చదువు సంగతులు అడిగాడుగాని లెక్క ఊసెత్తలేదు.

సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు ఆ పుస్తకం తీసి చూశాను. మొదటి పేజీలో, ఖర్చుల కింద, మొదటి పద్దు ఇలా ఉంది: "అబ్బాయి చదువుకు - 16,800." హాస్యానికి రాశాడో, లెక్క ఎక్కడో ఒకచోట వెయ్యాలి గనక రాశాడో నేనడగలేదు.

మా నాయనమ్మ బతికున్న రోజుల్లో కంది విత్తనం దాచే పద్ధతి ఒకటుండేది. కొంత వేపాకు కలిపి మా అటక మీద కుండలో పెట్టేది. కొంత పక్కూళ్ళో మేనత్త ఇంటికి పంపేది. "మన ఇల్లు అంటుకుంటే వాళ్ళింట్లో ఉంటది, వాళ్ళది పురుగు పడితే మనింట్లో ఉంటది" అనేది. బ్యాకప్ అనే మాట ఆవిడ ఎన్నడూ వినలేదు. మూడేళ్ళుగా సైన్సు చదువుతున్న నాకు ఆ మాట తెలుసు, ఆవిడ చేసిన పని మాత్రం తెలియలేదు. ఒక కాపీ ఉన్నదంటే అసలు లేనట్టే లెక్క. ఒకే డిస్కులో సి, డి అని రెండుచోట్ల పెట్టుకోవడం, ఒకే కుండలో అడుగున కొంత, పైన కొంత విత్తనం దాచుకోవడం లాంటిదే.

ఇప్పుడు మా ఏర్పాటు ఇది. నాన్న పుస్తకంలో రాస్తాడు. నెలకోసారి ఆ పేజీ ఫోటో తీసి నాకు పంపుతాడు. నేను కంప్యూటర్లో ఎక్కించి, ఒక నకలు పెన్‌డ్రైవులో పెట్టి చెల్లెలికిస్తాను, ఇంకొకటి నెట్టు మీద దాస్తాను. కూడిక తప్పితే కంప్యూటరు నాన్నకు చెబుతుంది, పద్దు పోతే పుస్తకం నాకు చెబుతుంది. డబ్బు చేతులు మారినప్పుడు రసీదు లేకుండా కదలడం లేదు. అమ్మ తీగ మేకు మీద అట్లాగే ఉంది.

ఉబుంటు ఇప్పటికీ నా కంప్యూటర్లో చక్కగా నడుస్తోంది. ఆ తప్పు దానిది కాదు. పాతదాన్ని తీసి కొత్తది వేసుకోవలసిన రోజు అందరికీ వస్తుంది, మీకూ వస్తుంది. ఆ రాత్రి "చెరుపు" అనే మీట నొక్కే ముందు ఒక్క నిమిషం ఆగి, ఇందులో నాది కానిది ఏముంది, ఎవరు నన్ను నమ్మి దాచుకున్నది ఏముంది అని చూసుకోండి. తెర మీది చిన్న అక్షరాలు చదవండి. ఈ వ్యాసం అచ్చయ్యాక ఒక కాపీ ఇంటికి తీసుకుపోతాను. మా నాన్న చదువుతాడు. సోమవారం నుంచి శనివారం దాకా ఆడిన ఆరు అబద్ధాలకు నేనింతవరకు క్షమాపణ చెప్పుకోలేదు. ఈ పేజీలో చెప్పుకుంటున్నాను.